మెలకువ గొలుసు

కరుణాకుమారి పై పన్ను ఒక శుక్రవారం తెల్లవారుజామున ఊడింది. ఊడగొట్టింది కట్టుకున్న మొగుడు కృపాదానం. పక్కనే పడుకుని ఉన్నవాడు ఉన్నట్టుండి పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. ఆమె కెవ్వుమని లేచేసరికి నోటినిండా రక్తం, నాలుక కింద ఏదో గట్టిగా తగులుతోంది. లైటు వేసి అరచేతిలోకి ఉమ్మితే పన్ను. అతను మాత్రం ఆ వెలుగుకి కళ్లు చికిలించి, "ఏంది కరుణా, ఆ రక్తం?" అని అడిగాడు.

పోనీ నటన అనుకుందామా అంటే, ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మనిషి ఏనాడూ చెయ్యెత్తిన పాపాన పోలేదు. కోడిని కొయ్యాలంటే పక్కింటివాళ్లని పిలిచే రకం. చిట్టమూరు మండలంలో సముద్రం వైపున్న ఆ ఊళ్లో రొయ్యల గుంటల దగ్గర అతని పని. నీళ్లలోకి గాలి చిలికే ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకోవాలి. అవి గంటసేపు ఆగితే చాలు, రొయ్యలన్నీ ఊపిరాడక వెల్లకిలా తేలతాయి. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ, ఇరవై ఏళ్లుగా ఇదే వరస. రొయ్యల ఊపిరి గురించి అతనికి తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. సొంత ఊపిరి గురించి మాత్రం అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు.

ఈ కొట్టడం మొదలై ఏడాదయింది. కలలో గట్టు మీదికి పందులొస్తాయట, తరుముతాడట. లేకపోతే ఎవడో గొంతు పట్టుకుంటాడట, విడిపించుకోబోతాడట. ఆ పందికీ ఆ దొంగకీ పడాల్సిన దెబ్బలన్నీ కరుణాకుమారికి పడేవి. పొద్దున్నే ఆమె ఒంటి మీద కమిలిన చోట్లు చూసి కూచుని ఏడ్చేవాడు. నాలుగు రోజులు వసారాలో పడుకున్నాడు. అక్కడ దేనితో కలబడ్డాడో ఏమో, రోలు మీద పడి నొసలు చిట్లగొట్టుకున్నాడు. ఆమే చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి తెచ్చుకుంది.

ఊరికి మాత్రం అబద్ధాలు చెప్పేది. కన్ను వాస్తే బీరువా తలుపు తగిలిందనేది. చెయ్యి కమిలితే కుట్టుమిషన్ మీద నెట్టేసేది. ఆ ఇంట్లో తలుపులూ గడపలూ అన్నీ కలిసి ఆమె మీద పగబట్టాయేమో అనిపించేది వినేవాళ్లకి. ఆమెకి కావలసింది ఒక్కటే. తన మనిషి తనకి దక్కాలి, ఊరు అతన్ని పెళ్లాన్ని కొట్టే వెధవ అనకూడదు. అందుకోసం ఎన్ని దెబ్బలైనా తినడానికి సిద్ధపడింది. కానీ పన్ను దగ్గర దొరికిపోయింది.

ఆమె తమ్ముడు హెబ్రోను గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కి బస్తాలు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. అక్కంటే ప్రాణం, కోపం ముక్కు మీదే. శనివారం అటువైపు కిరాయి తగిలి, అక్కని చూసి పోదామని వచ్చాడు.

"అక్కా, పన్నేది?"

"బాత్రూంలో జారినా."

"జారితే మోకాలు పగలాల. పన్నెట్టా పోయింది?"

కరుణాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హెబ్రోను ఇంకో మాట అడగలేదు. పెరట్లో మొహం కడుక్కుంటున్న కృపాదానాన్ని చొక్కా కాలరు పట్టి వీధిలోకి ఈడ్చుకొచ్చాడు. చెంపలు వాయించాడు. డొక్కలో తన్నాడు. ఆ మనిషి చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు. దుమ్ములో కూచుని, "కొట్టు హెబ్రోనూ, నాకు కావాల్సిందే" అంటున్నాడు. ఆ మాటకి హెబ్రోనుకి ఇంకా ఒళ్లు మండింది. నలుగురూ మూగారు. కరుణాకుమారి మధ్యలో దూరి అరిచింది.

"మావ నిద్దట్లో కొట్టినాడురా! తెలిసి కొట్టలా!"

"నిద్దట్లో ఉండేవోడికి నీ మూతి యాడుందో ఎట్టా తెలిసిందక్కా?"

నలుగురూ నవ్వారు. ఏడాది కడుపులో దాచుకున్న నిజాన్ని చెప్తే, అది కూడా బీరువా తలుపు లాగే వినపడింది.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక పంచాయితీ పెట్టారు. పాస్టరు జీవానందం గారు మంచివాడు, నిజంగానే మంచివాడు. ఎవరికి జబ్బు చేసినా ముందు తను అన్నం మానేసి ఉపవాసం కూచునే మనిషి. రెండు వైపులా ఓపిగ్గా విని, చిన్న ప్రార్థన చేసి, తేల్చి చెప్పాడు.

"కొట్టేది కృపాదానం గాదు. నిద్దట్లో లోపలికొచ్చేది ఒకటుండాది. అదే కొడతా ఉండాది. నిద్దరుంటేనే గదా దానికి దారి. ఆ దారి మూసేస్తాం."

ఆ సంఘంలో గొలుసు ప్రార్థన ఎప్పటినుంచో ఉంది. వాన కోసమైనా, రోగి కోసమైనా ఇంటికొక గంట చొప్పున పంచుకుని, ఒకరి తర్వాత ఒకరు మందిరంలో కూచుంటారు. రాత్రీ పగలూ ఎక్కడా తెగకూడదు. తమ గంటలో గొలుసు తెగిందంటే ఆ ఇంటికి తల కొట్టేసినంత పని. ఈసారి మూడు పగళ్లు, మూడు రాత్రులు. ప్రార్థన ఒక్కటే కాదు, కృపాదానం రెప్ప వాల్చకుండా చూసుకోవడం కూడా ఎవరి గంటలో వాళ్ల పూచీ.

కరుణాకుమారి ఒప్పుకుంది. ఒప్పుకోవడమేమిటి, గుండెల మీద నుంచి బండ దిగినట్టు ఊపిరి పీల్చుకుంది. దెయ్యం పట్టిందంటే జనం జాలిపడతారు, పెళ్లాన్ని కొడతాడంటే మొహాన ఉమ్మేస్తారు. రెంటిలో ఆమె దెయ్యాన్ని ఎంచుకుంది. ఆమెని తప్పుపట్టేవాళ్లు ఒక్కసారి ఆమె చోట కూచుని చూడాలి.

మొదటి రోజు బాగానే గడిచింది. పాటలు పాడారు, టీలు తాగించారు, కృపాదానం కూడా గొంతు కలిపాడు. రెండో రోజుకి పాటలు చాలక చేతులు పని మొదలెట్టాయి. అతను తూలితే చెవి పక్కన కంజిర మోగించారు. కూచుంటే కునుకు పడుతోందని నిలబెట్టారు. నిలబడి కూడా నిద్రపోతుంటే ఇద్దరు రెక్కలు పట్టుకుని గోడ నుంచి గోడకి నడిపించారు. ఒకాయన తలనొప్పి మందు తెచ్చి కనురెప్పల మీద రాశాడు. గొలుసు కోసం హెబ్రోనుతో పాటు వచ్చిన అతని పెళ్లాం రెబెక్కమ్మ తన గంటలో చీర పిన్ను తీసి భుజం మీద గుచ్చుతూ కూచుంది. గుచ్చిన ప్రతిసారీ "క్షమించన్నా" అంటూనే గుచ్చింది. ఎవరికీ అతని మీద కక్ష లేదు. అందరూ ప్రేమతోనే చేశారు, అందుకే ఎవరూ ఆగలేదు.

ఆ సాయంత్రం కరుణాకుమారి గంట వచ్చింది. అప్పటికి కృపాదానం కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. గోడ మీద పందులున్నాయంటున్నాడు. నాలుక మడతపడి మాట ముద్దగా వస్తోంది. ఆమెని చూసి చేతులు జోడించాడు.

"కరుణా, అరగంట. ఒక్క అరగంట పడుకోనీ. కాళ్లు పట్టుకుంటా."

"రేపొక్క రోజు ఓర్చుకో మావా. పోతాదది."

అతని తల వాలిపోయింది. ఆమె చెంబు నిండా నీళ్లు తీసుకుని మొహాన కొట్టింది. అతను ఉలిక్కిపడి, ముక్కులోకి నీళ్లు పోయి దగ్గి దగ్గి ఏడ్చాడు. ఆ గంటలో అలా పదకొండు సార్లు కొట్టింది. గంట అయ్యాక చెంబు మళ్లీ నింపి తర్వాతివాళ్లకి అందించి బయటికి వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ ఆమె గంట. జనం అన్నాలకి వెళ్లారు. మందిరంలో వాళ్లిద్దరే. ఆమె చెంబు అందుకునేలోపే కృపాదానం చాప మీద వెల్లకిలా పడి నిద్రపోయాడు. చెంబు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కొట్టబుద్ధి కాలేదు. ఏమైతే అయిందని చెంబు పక్కన పెట్టి కూచుంది. పట్టపగలు, కళ్ల ముందు, తను పూర్తి మెలకువలో ఉండి మొగుడి నిద్ర చూడటం ఆమెకి అదే మొదటిసారి.

గురక మొదలైంది. ఆ గురక వీధి వీధికీ తెలిసిందే. కాసేపటికి టక్కున ఆగింది. ఆమె ఎప్పటిలాగే హమ్మయ్య అనుకోబోయి, అతని పొట్ట వైపు చూసింది. పొట్ట ఎగిసెగిసి పడుతోంది, డొక్క లోపలికి లాక్కుపోతోంది, కానీ ముక్కులోంచి గాలి లేదు. వేలు పెట్టి చూసింది. లేదు. లెక్కపెట్టడం మొదలెట్టింది. ఇరవై, ఇరవై ఐదు, ముప్పై. పెదాలు నల్లబడుతున్నాయి. ముప్పై ఎనిమిది దగ్గర మునిగినవాడు నీళ్లలోంచి పైకి లేచినట్టు గుర్రుమని ఊపిరి లాగి, ఆ లాగడంతోనే చెయ్యి విసిరాడు. పిడికిలి పక్కనున్న బెంచీకి తగిలి వేళ్ల ముణుకులు చిట్లాయి. మళ్లీ గురక. మళ్లీ ఆగింది. మళ్లీ నలభై అంకెలు, మళ్లీ దెబ్బ. నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ ఊపిరి ఆగాకే చెయ్యి లేచింది.

ఇన్నేళ్లూ ఆ గురక ఆగినప్పుడల్లా, పోనీలే కాస్త సద్దుమణిగిందని సంతోషపడి కళ్లు మూసుకున్నది తనే. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

చంకల కింద చేతులు వేసి లేపి, గోడకి ఆనించి కూచోబెట్టింది. అతను లేవలేదు. తల పక్కకి వాలింది కానీ ఈసారి ఊపిరి అంతసేపు ఆగలేదు. పది, పన్నెండు అంకెల్లో తిరిగి వస్తోంది. ఆమె అలా లెక్కపెడుతుండగానే గంట అయిపోయింది. తర్వాతి గంట హెబ్రోనుది. గుమ్మంలో అడుగు పెట్టి, నిద్రపోతున్న బావని చూసి గావుకేక పెట్టాడు.

"గొలుసు తెంచేసినావక్కా! మూడు రోజుల కష్టం బుగ్గి చేసినావే!"

"అరవొద్దు, ఇటు చూడు. ఈయనకి ఊపిరాడ్డం లేదురా. ఊపిరాగినాకే చెయ్యి లేస్తా ఉండాది. దెయ్యం లేదు గియ్యం లేదు."

"నువ్వు పక్కకి జరుగు."

జరిపేశాడు కూడా. చొక్కా పట్టుకుని రెండు చేతులా కుదిపాడు. అప్పటికి ఊపిరి ఏ మూలన ఉందో, కృపాదానం కళ్లు సగం తెరిచి, ఎవరినీ చూడని చూపుతో, హెబ్రోను ముక్కు మీద బలమంతా పెట్టి గుద్దాడు. రక్తం చిమ్మింది. కోపంలో హెబ్రోనుకి ఎదురుగా మనిషి కనపడలేదు. విరిగిన బెంచీ కాలు మూలనుంటే అందుకుని బాదడం మొదలెట్టాడు. భుజం మీద, వీపు మీద. అడ్డం వచ్చిన ముంజేతి మీద పడ్డ దెబ్బకి ఫట్‌మని ఎముక విరిగిన చప్పుడు మందిరమంతా వినపడింది. అయినా ఆపలేదు. కృపాదానం పూర్తిగా లేవనైనా లేవలేదు. "పందులు, పందులు" అంటూ మెలికలు తిరుగుతున్నాడు.

కరుణాకుమారి బల్ల పక్కనున్న మైకు స్టాండు తీసింది. అది ఇనుపది, అడుగున గుండ్రటి దిమ్మ. రెండు చేతులా తిరగేసి పట్టుకుని తమ్ముడి తల మీద కొట్టింది. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. వాడు బెంచీల మీద పడి, లేవబోయి, మళ్లీ పడ్డాడు. తల పగిలి కణత మీదుగా రక్తం కారుతోంది.

కేకలకి జనం పరిగెత్తుకొచ్చారు. ఆమె మొగుడి ముందు అడ్డంగా నిలబడి స్టాండు పైకెత్తింది.

"ఎవురన్నా ఈయన్ని లేపినారంటే తల పగలగొడతా."

"కరుణమ్మా, అది కింద పెట్టు తల్లీ," అన్నాడు పాస్టరు గారు.

"మీరైనా అంతే అయ్యగారూ. అడుగు ముందుకెయ్యొద్దు. ఆడ్నే నిలబడి లెక్కపెట్టండి."

ఏం లెక్కపెట్టాలో ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడే వెనక నుంచి గురక వినపడింది. చెయ్యి విరిగి వేలాడుతున్న మనిషి నొప్పికి గగ్గోలు పెట్టాలి. అతను రెండు మూలుగులు మూలిగి మళ్లీ నిద్రలోకి జారిపోయాడు. అది చూసి అందరికీ మొదటిసారి భయం వేసింది. చాప మీద ఒరిగి వెల్లకిలా పడ్డాడు, గురక ఆగింది. "లెక్కపెట్టండి," అంది ఆమె. జీవానందం గారి పెదాలు కదిలాయి. నలభై దాటేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు. నలభై నాలుగు దగ్గర కృపాదానం ఎగిరిపడి ఊపిరి లాగాడు, మంచి చెయ్యి గాల్లోకి లేచి నేలకేసి కొట్టుకుంది.

"దేవా," అన్నాడు ఆయన, "మేం ఏం చేసినాం?" తర్వాత గట్టిగా, "బండి, బండి తియ్యండి," అని అరిచాడు.

వాకిట్లో ఉన్న బండి హెబ్రోను ట్రాలీ ఒక్కటే. తలకి తువ్వాలు బిగించి కట్టుకుని, అక్క వైపు చూడకుండా, తాళం తిప్పింది హెబ్రోనే. అతని పక్కన పాస్టరు గారు ఎక్కాడు. వెనక బస్తాల మీద మొగుణ్ణి ఒళ్లో కూచోబెట్టుకున్నట్టు పట్టుకుని, నెల్లూరు దాకా ఆమె లెక్కపెడుతూనే ఉంది.

నెల్లూరు ఆస్పత్రిలో వేలికి క్లిప్పు పెట్టారు. తెర మీద తొంభై నాలుగు అని అంకె వచ్చింది. కృపాదానం కళ్లు మూతపడ్డాయి. తొంభై, ఎనభై, డెబ్బై రెండు, అరవై ఒకటి. మిషను కుయ్యిమని అరిచింది, నర్సు పరిగెత్తింది. ఊపిరితిత్తుల డాక్టరు వినీల వచ్చింది. పడుచు పిల్ల, కానీ మాట కత్తిలా ఉంది.

"మెడ చాలా లావుందే. ఎంత?"

"పద్దెనిమిది అంగుళాలు," అంది కరుణాకుమారి. చొక్కాలు కుట్టేది ఆమే కదా. "రెండేళ్ల కిందట పదహారే."

"నిద్రపోయి ఎన్ని రోజులైంది?"

పాస్టరు గారు తలవంచుకుని చెప్పాడు. "మూడు రోజులమ్మా. మేమే పోనీలేదు."

డాక్టరు ముందు మాస్కు తెప్పించింది. ముక్కుకీ నోటికీ కలిపి బిగించి, గొట్టం గుండా గాలి తోసే మిషను పెట్టింది. అంకె మెల్లగా తొంభై ఐదుకి ఎక్కి అక్కడే కూచుంది. అప్పుడు తిరిగింది ఆమె వీళ్ల మీదికి.

"నిద్రంటే ఏమనుకుంటున్నారండీ మీరు? ఖాళీగా పడుండటమా? గుండెకి విశ్రాంతి దొరికేది అప్పుడు. బీపీ దిగేది అప్పుడు. రోజంతా మెదడులో పేరుకున్న చెత్త కడిగేసుకునేది అప్పుడు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. ఈయన గొంతు వదులై మూసుకుపోతోంది, గాలి పోవట్లేదు. చచ్చిపోతానని మెదడు తుళ్లిపడి సగం లేస్తుంది. మామూలుగా కలగనేటప్పుడు చేతులూ కాళ్లూ కదలకుండా మెదడు తాళం వేసి పెడుతుంది. ఇలా ఊపిరాడక తుళ్లిపడితే ఆ తాళం ఊడిపోతుంది, కల మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. ఈయన కొట్టింది మిమ్మల్ని కాదమ్మా. గొంతు పట్టుకున్నదాన్ని కొడుతున్నాడు."

"నిద్దర లేకుండా చేస్తే పోతాదనుకున్నాం," అంది కరుణాకుమారి.

"పోయేది జబ్బు కాదు, ప్రాణం. నిద్ర ఆపిన కొద్దీ ఆ గొంతు ఇంకా వదులవుతుంది, నిద్ర ఇంకా మొద్దుగా పడుతుంది, ఊపిరి ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. బీపీ చూడండి, నూటతొంభై ఎనిమిది. ఇంకో రోజు చేసుంటే ఈయన్ని మీరు ఇక్కడికి తెచ్చే పని ఉండేది కాదు. పూర్తి పరీక్ష తర్వాత చేస్తాను, వేరే జబ్బేమైనా కలిసి ఉందేమో చూడాలి. ముందు నిద్రపోనివ్వండి."

హెబ్రోను తలకి కుట్లు వేయించుకుని వచ్చి గోడవారగా నిలబడి ఈ మాటలన్నీ విన్నాడు. తొమ్మిది కుట్లు పడ్డాయి. ముక్కు వాచి బుంగలా ఉంది. పాస్టరు గారు వరండాలోకి వెళ్లి మెట్టు మీద కూచుండిపోయాడు. ఆయన ప్రార్థన చేశాడో, ఊరికే కూచున్నాడో ఎవరికీ తెలియదు.

కృపాదానం పదమూడు గంటలు నిద్రపోయాడు. చేతికి కట్టు వేస్తున్నా లేవలేదు. గురక లేదు. చెయ్యి లేవలేదు. కరుణాకుమారి స్టూలు మీద కూచుని మొదట్లో అలవాటుగా లెక్కపెట్టింది. ఒకటి, రెండు అనేలోపే ఊపిరి వచ్చేస్తుంటే లెక్క మానేసి ఊరికే చూస్తూ కూచుంది.

మర్నాడు ఎండ కిటికీలోకి వచ్చాక అతను కళ్లు తెరిచాడు. ఏడాదిగా ఆమె చూడని కళ్లు, తేటగా ఉన్నాయి. మాస్కు తనే పక్కకి లాగాడు. విరిగిన తన చెయ్యి చూసుకోలేదు. మంచం అంచున కూచున్న హెబ్రోనుని చూశాడు, తలకి కట్టు, వాచిన ముక్కు. చూస్తుండగానే ఆ తేటదనమంతా పోయి మొహం నల్లబడిపోయింది.

"నిన్ను గూడా కొట్టినానా హెబ్రోనూ?" అన్నాడు. "నన్ను కట్టేయండ్రా. ఇంక నిద్దరొద్దు నాకు. జన్మలో పడుకోను."

హెబ్రోను తలకట్టు తడుముకున్నాడు. కరుణాకుమారే ముందుకి వంగింది.

"ముక్కు నీ దెబ్బే మావా. తల మాత్రం నేను పగలగొట్టినా."

"నువ్వా?" నమ్మలేనట్టు చూశాడు. "నిద్దట్లోనా?"

"నిద్దట్లో కాదు. కళ్లు తెరుచుకునే కొట్టినా. నిన్ను గూడా అంతే. నువ్వు ఏడాది పొడుగునా నన్ను తెలియక కొట్టినావు. మేమందరం మూడు రోజులు నిన్ను తెలిసే కొట్టినాం. నీళ్లు నేనే కొట్టినా, పదకొండు సార్లు."

హెబ్రోను రెండు చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమన్నాడు. కృపాదానం మంచి చెయ్యి చాపి అతని మోకాలి మీద వేశాడు. అలాగే ఉంచాడు. కాసేపటికి అతని రెప్పలు మళ్లీ బరువెక్కాయి. బలవంతంగా తెరవబోయాడు, అలవాటైన భయంతో ఆమె చేతుల వైపు చూశాడు.

కరుణాకుమారి మాస్కు సరిచేసి అతని మొహానికి పెట్టింది. "పడుకో మావా," అంది. "ఎవురూ లేపరు."